ఫైలు ఎక్కడుందో అడగండి

చట్టం మాట: పాఠకుల ప్రశ్నలకు రిటైర్డ్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకటే గోడు. పెద్దవాళ్ల మీద పెట్టిన కేసులు ఏమవుతున్నాయి, మాకెందుకు చెప్పరు? చాలామంది నాయకుల పేర్లతో సహా రాశారు. ఆ పేర్లు తీసేశాను. ఎవరు దొంగో తేల్చడం ఈ కాలమ్ పని కాదు, పైగా మా ఎడిటర్ గారికి లీగల్ నోటీసులంటే టెన్షన్.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మా మండలంలో చెరువు పనులు చేయకుండానే బిల్లులు ఎత్తేశారు. ఒక పెద్ద ఇంజినీరు మీద, ఆయన వెనకున్న నాయకుడి మీద ఫిర్యాదు చేశాను. ఏసీబీ కేసు పెట్టింది, సోదాలు జరిగాయి, పేపర్లో ఫొటోలు కూడా వేశారు. ఆ తర్వాత చప్పుడు లేదు. అడిగితే ‘దర్యాప్తు అయిపోయింది, ప్రాసిక్యూషన్‌కి పర్మిషన్ రావాలి’ అంటారు. ఆర్టీఐ వేస్తే ‘సెక్షన్ 8(1)(హెచ్) ప్రకారం ఇవ్వలేం’ అని ఒక్క లైను రాసి పంపారు. చెప్పులరిగేలా తిరుగుతున్నాను. ఇంకేం చేయాలి?
– ఒక రిటైర్డ్ హెడ్మాస్టర్, మార్కాపురం

జవాబు: మాస్టారూ, మీ కేసు ఇప్పుడు ఏసీబీ దగ్గర లేదు, కోర్టులోనూ లేదు. ఆ ఇంజినీరు ఏ శాఖ మనిషో ఆ శాఖ సెక్రటేరియట్‌లో ఫైలై కూర్చుంది. మీరు అక్కడ అడగాలి.

అవినీతి నిరోధక చట్టం 19వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వోద్యోగి మీద కోర్టు కేసు తీసుకోవాలంటే, ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేసే అధికారం ఎవరికుందో వాళ్లు ముందు అనుమతి ఇవ్వాలి. కోర్టు వాడుకలో శాంక్షన్. దేవుడు వరమిచ్చినా పూజారి కూడా ఇవ్వాలన్నమాట. ఈ ఏర్పాటు ఊరికే పెట్టలేదు. రూలు ప్రకారం బిల్లు ఆపినందుకు కాంట్రాక్టరు కక్షగట్టి ఇరికించిన చిన్న ఉద్యోగుల కేసులు నా బల్ల మీదికీ వచ్చాయి. చార్జిషీటు చదువుతుంటేనే మనసు పాడయ్యేది. అలాంటివాళ్లకి ఈ రక్షణ ఉండాల్సిందే. గొడవల్లా ఎక్కడంటే, చిన్న ఉద్యోగి ఫైలు చకచకా తిరిగొస్తుంది, పెద్దాయన ఫైలుకి మాత్రం కాళ్లు పడిపోతాయి.

ఎలా పడిపోతాయో చెబుతాను. ఫైల్లో రెండు భాగాలు. ఒకవైపు మామూలు తెల్ల కాగితాలు, అంటే దర్యాప్తు నివేదిక, వాంగ్మూలాలు, వచ్చిన ఉత్తరాలు. రెండోవైపు పచ్చ కాగితాలు, అవి నోట్ షీట్లు. సెక్షన్ ఆఫీసరు ‘అనుమతి ఇవ్వదగిన కేసు’ అని నోట్ రాసి పైకి పెడతాడు. పైఅధికారి మార్జిన్లో ‘స్పీక్’ అని ఒక్క ముక్క రాసి కిందికి తోసేస్తాడు. వచ్చి మాట్లాడమని అర్థం. మాట్లాడారో లేదో, మాట్లాడితే ఏమనుకున్నారో ఎక్కడా ఉండదు. కొన్నాళ్లకి ‘న్యాయశాఖ అభిప్రాయం తీసుకోండి’. అది వచ్చాక ‘ఫలానా పేజీ జిరాక్స్ సరిగా లేదు, దర్యాప్తు సంస్థని అడగండి’. ఈలోగా ఒకరికి బదిలీ. కొత్తగా వచ్చినాయన ఫైలు మొదటినుంచీ చదవాలి. ఇంత తతంగంలో ‘వద్దు’ అని ఎవరూ రాయలేదు, గమనించారా? వద్దంటే కారణం రాయాలి. ఆ కారణాన్ని ఎవరైనా కోర్టులో సవాలు చేయొచ్చు. అందుకే రాయరు.

కానీ ఆ పచ్చ కాగితాల మీద ప్రతి కదలికకీ ఒక పొట్టి సంతకం, దాని కింద తేదీ ఉంటాయి. ఫైళ్లు కంప్యూటర్లో నడిపే ఈ-ఆఫీసు వచ్చాక సిస్టమే అన్నీ నమోదు చేస్తోంది. మీకు కావలసినవి ఆ తేదీలు. సాక్షి ఏం చెప్పాడు, లాకర్లో ఏం దొరికింది అని అడిగితే, దర్యాప్తుకి అడ్డమొచ్చే సమాచారం ఇవ్వనక్కర్లేదనే 8(1)(హెచ్) అడ్డం పెడతారు, అందులో కొంత న్యాయం కూడా ఉంది. ఫైలు ఎవరి దగ్గర ఎన్నాళ్లుందో చెబితే మాత్రం దర్యాప్తుకి వచ్చే నష్టమేముంది?

కొత్త దరఖాస్తు ఆ శాఖ పౌర సమాచార అధికారికి పెట్టండి. ‘ఎందుకు ఆలస్యం చేశారు’ అని అడక్కండి. వాళ్లు రికార్డులో ఉన్నది ఇస్తే చాలు, మీకోసం కొత్తగా సంజాయిషీ రాయనక్కర్లేదు. ఇలా అడగండి: ఫలానా క్రైం నంబరు కేసులో ప్రాసిక్యూషన్ అనుమతి కోరుతూ నివేదిక అందిన తేదీ. అప్పటినుంచి ఈరోజు దాకా ఫైలు ఏ హోదా అధికారికి ఏ తేదీన చేరి ఏ తేదీన కదిలిందో చూపించే రికార్డు నకలు. మూడు నెలల గడువు దాటి ఉంటే అందుకు కారణం రాసిన నోట్ షీటు నకలు. ఫీజు 10 రూపాయలు, నకళ్లకి పేజీకి 2 రూపాయలు.

మూడు నెలలన్నది నా లెక్క కాదు. 2018లో చట్టం సవరించినప్పుడు పెట్టిన గడువు అది, న్యాయసలహా కావాలంటే ఇంకో నెల. 2022 అక్టోబరులో విజయ్ రాజ్‌మోహన్ కేసులో సుప్రీంకోర్టు ఈ గడువు పాటించి తీరాల్సిందేనంది. గడువు దాటిందన్న సాకుతో నిందితుడి మీద కేసు కొట్టేయకూడదనీ, ఫైలు పట్టుకు కూర్చున్న అధికారి జవాబు చెప్పుకోవాలనీ కూడా అంది.

మళ్లీ 8(1)(హెచ్) అనే ఒక్క లైను వస్తే 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయండి. 2007లో భగత్ సింగ్ కేసులో ఢిల్లీ హైకోర్టు, దర్యాప్తు నడుస్తోందన్న ఒక్క మాట చాలదు, సమాచారం ఇస్తే దానికి ఎలా అడ్డం వస్తుందో అధికారి కారణం చూపాలి అని తీర్పు చెప్పింది. ఆ మాట అప్పీల్లో పెట్టండి. దర్యాప్తు అయిపోయిందని వాళ్లే రాసిచ్చిన ఉత్తరం ఉంటే దాన్నీ జతచేయండి. అక్కడా కాకపోతే 90 రోజుల్లోపు సమాచార కమిషన్. సరైన కారణం లేకుండా సమాచారం ఇవ్వని అధికారికి రోజుకి 250 రూపాయల చొప్పున 25,000 దాకా జరిమానా పడొచ్చు. కమిషన్ దగ్గర క్యూ పెద్దదే. ఓపిక చేసుకోండి, రిజిస్టర్డ్ పోస్టు రసీదులన్నీ ఒక కవర్లో దాచుకోండి.

మీదొక్కటే ఇలా అయిందనుకోకండి. 2జీ వ్యవహారంలో మంత్రి ఎ. రాజాని ప్రాసిక్యూట్ చేయడానికి అనుమతి కోరుతూ సుబ్రమణ్యస్వామి ప్రధానికి రాసింది 2008 నవంబరు 29న. ఆయన ప్రశ్నకి జవాబు వచ్చింది 2010 మార్చి 19న. అదీ, ఇంకా తొందరపడుతున్నారనే ధోరణిలో. 2012 జనవరిలో సుప్రీంకోర్టు ఆ జాప్యాన్ని తప్పుపట్టి, మామూలు పౌరుడికి కూడా అనుమతి కోరే హక్కుందని తేల్చింది. 2017 డిసెంబరులో ప్రత్యేక కోర్టు రాజాతో సహా అందరినీ నిర్దోషులంది. అలా తేలినా తేలినట్టే. తేలకుండా ఉండటమే అన్యాయం, నిందితుడికి కూడా.

ఇంకో సంగతి. మీరు రాసిన నాయకుడు అప్పుడూ ఇప్పుడూ ఏ పదవిలోనూ లేని మనిషైతే, ఆయన మీద చార్జిషీటుకి ఈ అనుమతితో పనే లేదు. ఇంజినీరు ఫైలు చూపించి ఆయన్నీ పక్కన పెట్టారేమో, ఆ ముక్క దర్యాప్తు అధికారినే రాతపూర్వకంగా అడగండి.

ప్రశ్న: మేడం, మా ఊళ్లో ఒక పెద్దమనిషి కొడుకు మీద కేసు పెట్టారని పేపర్లో చదివాను. పోలీసు వెబ్‌సైట్లో ఎఫ్‌ఐఆర్ వెతికితే కనపడలేదు. మామూలోళ్ల ఎఫ్‌ఐఆర్‌లు మాత్రం వెంటనే పెడుతున్నారు. ఇలా దాచొచ్చా?
– ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: ‘పెద్దమనిషి కొడుకు’ అన్న మినహాయింపు చట్టంలో లేదండీ. 2016 సెప్టెంబరులో యూత్ బార్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు ఎఫ్‌ఐఆర్‌లు 24 గంటల్లో వెబ్‌సైట్లో పెట్టాలంది. నెట్ సరిగా అందని చోట్లకి 72 గంటల దాకా సమయమిచ్చింది. లైంగిక నేరాలు, పిల్లల మీద నేరాలు, ఉగ్రవాదం వంటివాటికే మినహాయింపు. సున్నితమైన కేసు కాబట్టి పెట్టం అనుకుంటే ఆ నిర్ణయం కనీసం డీఎస్పీ స్థాయి అధికారి తీసుకోవాలి, ఎస్సైగారి ఇష్టం కాదు. కాబట్టి ‘ఎఫ్‌ఐఆర్ ఇవ్వండి’ అనే బదులు ‘అప్‌లోడ్ చేయకూడదని నిర్ణయించిన ఉత్తర్వు నకలు ఇవ్వండి’ అని ఎస్పీ ఆఫీసుకి ఆర్టీఐ వేసి చూడండి. ఉత్తర్వు లేకపోతే ఎఫ్‌ఐఆరే పైకొస్తుంది.

ఫిర్యాదు చేసింది మీరే అయితే ఇంత తిప్పలక్కర్లేదు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ కింద ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. 193 కింద 90 రోజుల్లోపు దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో మీకు తెలియజేయాలి, వాట్సాప్‌లోనైనా సరే. చార్జిషీటు సంగతి వేరు. దాన్ని అందరికీ కనపడేలా వెబ్‌సైట్లో పెట్టాలన్న పిటిషన్‌ని సుప్రీంకోర్టు 2023 జనవరిలో కొట్టేసింది. నాకా తీర్పు నచ్చలేదు. నచ్చకపోయినా చట్టం అదే.

ప్రశ్న: మేడం, నేను ఎల్‌ఎల్‌బీ చదువుతున్నాను. పెద్ద కేసు వస్తే చాలు, ప్రభుత్వాలు రిపోర్టు సీల్డ్ కవర్లో కోర్టుకి ఇస్తున్నాయి. ఇక మనకెలా తెలిసేది?
– ఒక విద్యార్థిని, హన్మకొండ

జవాబు: నీకు దూరం వెళ్లే పని లేదమ్మాయ్, మీ రాష్ట్రం కేసే ఉంది. 2019 డిసెంబరు 6 తెల్లవారుజామున షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో ‘దిశ’ అత్యాచారం, హత్య కేసులో నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. అప్పుడు పోలీసుల మీద పూలు చల్లినవాళ్లున్నారు, గుర్తుందా? సుప్రీంకోర్టు జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ వేసింది. 2022లో నివేదిక వచ్చాక దాన్ని కవర్లోనే ఉంచమని రాష్ట్ర ప్రభుత్వం కోరింది. మన పొన్నవరం మనిషి, అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ బెంచ్ ఒప్పుకోలేదు. ఎన్‌కౌంటర్ విషయంలో దాచడానికేముంది, దేశభద్రత వ్యవహారమా అన్నది ఆ రోజు జరిగిన వాదన సారాంశం. 2022 మే 20న నివేదిక బయటికొచ్చింది. పోలీసులు చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారనీ, పదిమంది మీద హత్యానేరం విచారణ జరగాలనీ అందులో ఉంది. కేసు తెలంగాణ హైకోర్టుకి వెళ్లింది. కవర్లోనే ఉండిపోతే ఈరోజు మనం దాని గురించి వాదించుకోవడానికి కూడా ఏమీ ఉండేది కాదు.

పరీక్షకి పనికొచ్చే ముక్క ఒకటి: ప్రభుత్వమే 1952 నాటి చట్టం కింద విచారణ కమిషన్ వేస్తే, నివేదిక అందిన ఆరు నెలల్లోపు దాన్ని, తీసుకున్న చర్యల పత్రంతో కలిపి, చట్టసభలో పెట్టాలి. సెక్షన్ 3(4). మంత్రులు మర్చిపోతుంటారు, నువ్వు మర్చిపోకు.

ప్రశ్న: అమ్మా, ఇక్కడ అమెరికాలో మైనర్ అమ్మాయిల మీద లైంగిక నేరాలు చేసిన ధనవంతుడు ఎప్‌స్టీన్ కేసు ఫైళ్లు బయటపెట్టమని ఏకంగా చట్టమే చేశారు. అధ్యక్షులు, రాకుమారుల పేర్లున్నా ఆగలేదు. మన దేశంలో అలా ఎందుకు చేయరు?
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, న్యూజెర్సీ

జవాబు: చట్టం మంచిదే బాబూ, అది ఎంత ఆలస్యంగా వచ్చిందో కూడా చూడాలి. ఫ్లోరిడాలో ఎప్‌స్టీన్‌తో ఫెడరల్ ప్రాసిక్యూటర్లు కేసు పెట్టబోమని 2007 సెప్టెంబరులోనే ఒప్పందం రాసుకున్నారు. 2008లో రాష్ట్ర చట్టం కింద రెండు నేరాలు ఒప్పుకుని దాదాపు పదమూడు నెలలు జైల్లో ఉండి, అందులోనూ పగళ్లు చాలావరకు ఆఫీసులో గడిపి, వచ్చేశాడు. ఆ ఒప్పందం మీద సంతకాలయ్యాక కూడా బాధిత అమ్మాయిలకి ‘మీ కేసు ఇంకా దర్యాప్తులో ఉంది, ఓపిక పట్టండి’ అని ఉత్తరాలు వెళ్లాయి. ఇది బాధితుల హక్కుల ఉల్లంఘన అని ఫెడరల్ జడ్జి చెప్పేసరికి 2019 ఫిబ్రవరి వచ్చింది. ఆ ఏడాది ఆగస్టులో అతను జైల్లో చనిపోయాడు. మార్కాపురం మాస్టారికి వచ్చిన ఒక్క లైను ఉత్తరానికీ, ఆ పిల్లలకి వెళ్లిన ఉత్తరానికీ నాకు పెద్ద తేడా కనపడలేదు. ‘దర్యాప్తులో ఉంది’ అన్న మాట ఏ దేశంలోనైనా తలుపు మూయడానికి బాగా పనికొస్తుంది.

2025 నవంబరులో చేసిన చట్టం ప్రతినిధుల సభలో 427–1 ఓట్లతో గెలిచింది. 30 రోజుల గడువు పెట్టారు. అందులో నాకు బాగా నచ్చింది ఒక నిబంధన: ఎవరికో ఇబ్బంది అనో, పరువు పోతుందనో, రాజకీయంగా సున్నితమనో ఏ కాగితమూ ఆపకూడదు. బాధితుల వివరాల వంటివి మాత్రం దాచొచ్చు. రాత అంత గట్టిగా ఉన్నా, గడువు రోజుకి వచ్చింది కొంతే, అందులోనూ నల్లరంగు పూసిన పేజీలు బోలెడు. ఫైలు చేతిలో ఉన్నవాడు ఎక్కడైనా ఫైలు చేతిలో ఉన్నవాడే.

ఇక మన సంగతి. 1993లో, పి.వి. నరసింహారావు గారు ప్రధానిగా ఉండగా, నేరగాళ్లకీ నాయకులకీ అధికారులకీ ఉన్న లంకె మీద హోంశాఖ కార్యదర్శి ఎన్.ఎన్. వోహ్రా అధ్యక్షతన కమిటీ వేశారు. ఆ అక్టోబరులోనే నివేదిక ఇచ్చారు. పార్లమెంటు ముందుకి 1995 ఆగస్టులో గానీ రాలేదు. వచ్చింది కూడా పట్టుమని పదిహేను పేజీలు లేదు, నాయకుల పేర్లు లేవు. వెనకున్న సమాచారం బయటపెట్టాలని దినేష్ త్రివేది కోర్టుకెళ్తే 1997లో సుప్రీంకోర్టు అక్కర్లేదంది. అప్పటికి ఆర్టీఐ లేదు. ఇప్పుడుంది. 8(3) కింద 20 ఏళ్లు దాటిన సంగతులకి ‘దర్యాప్తుకి అడ్డం’ అన్న సాకు చెల్లదు. దేశభద్రత, మంత్రివర్గ పత్రాలు, సభాహక్కులు అనే మినహాయింపులు మాత్రం మిగులుతాయి, అవే చూపిస్తారు కూడా. పార్లమెంటు చట్టం చేయాలనుకుంటే చేయొచ్చు. అందుకు సభ్యులు చేతులెత్తాలి, ఆ చేతుల్లో కొన్నిటి మీద కేసులున్నాయి.

ప్రశ్న: లోకల్ పోలీసుల్ని నమ్మలేం. సీబీఐకి ఇస్తే న్యాయం జరుగుతుందా?
– నూజివీడు పాఠకుడు

జవాబు: ముందు సీబీఐ మీ ఊరికి రావాలిగా. రాష్ట్రం ఒప్పుకోకుండా అది ఇక్కడ దర్యాప్తు చేయడానికి వీల్లేదు. ఆంధ్రప్రదేశ్ 2018 నవంబరులో ఆ సాధారణ అనుమతి రద్దు చేసింది, 2019లో ప్రభుత్వం మారగానే మళ్లీ ఇచ్చింది. తెలంగాణ 2022 ఆగస్టులో రద్దు చేసింది. అధికారంలో ఉన్నప్పుడు సీబీఐ చేదు, ప్రతిపక్షంలో ఉన్నప్పుడు అదే తీపి. హైకోర్టు ఆదేశిస్తే మాత్రం రాష్ట్రం ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా వస్తుంది. వచ్చాక ఆర్టీఐ పెడదామంటే, 2011 జూన్‌లో కేంద్రం సీబీఐని ఆ చట్టం పరిధి నుంచి చాలావరకు తప్పించింది. అవినీతి ఆరోపణలు, మానవహక్కుల ఉల్లంఘనలకి సంబంధించిన సమాచారం మాత్రం అడగొచ్చు. 2013లో బొగ్గు గనుల కేటాయింపు కేసు దర్యాప్తు నివేదిక కోర్టుకన్నా ముందు న్యాయశాఖ మంత్రి చూశారని బయటపడ్డాకే సుప్రీంకోర్టు సీబీఐని ‘పంజరంలో చిలక’ అంది. మీ కేసు చిలకకి ఇవ్వాలా, కాకికి ఇవ్వాలా అన్నది మీ ఇష్టం.

ప్రశ్న: నమస్తే మేడం. గొడవల్లో మా కొట్టు తగలబెట్టిన కేసులో ఏ-1 ఇప్పుడు ఎమ్మెల్యే. కేసు ఎత్తేస్తూ జీవో వచ్చిందని తెలిసింది. మాకెవరూ చెప్పలేదు. అంతా అయిపోయినట్టేనా?
– ఒక చిన్న వ్యాపారి, ఆదోని

జవాబు: అయిపోలేదు. జీవోతో కేసు పోదు. ప్రభుత్వం ప్రాసిక్యూటర్‌కి చెప్పగలదు, అంతే. ప్రాసిక్యూటర్ తనంతట తాను ఫైలు చదివి, ప్రజాప్రయోజనం ఉందని నమ్మి, తన సంతకంతో పిటిషన్ వేయాలి. కోర్టు ఒప్పుకోవాలి. ఆ బల్ల దగ్గర కూర్చున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను. జీవో కాపీ వచ్చిన మర్నాడే ‘ఇంకా వేయలేదా అమ్మా’ అని ఫోన్లు మొదలవుతాయి. ఒకసారి వేయనన్నాను. నన్ను వేరే కోర్టుకి మార్చారు. నా తర్వాత వచ్చినాయన సంతకం పెట్టారు. మెజిస్ట్రేటు మాత్రం, ప్రజాప్రయోజనం ఏమిటో పిటిషన్లో ఒక్క ముక్క లేదని కొట్టేశారు.

మీకు అనుకూలమైన సంగతులు చెబుతాను. 2021 ఆగస్టులో సుప్రీంకోర్టు, ఇప్పటి, మాజీ ఎంపీలు ఎమ్మెల్యేల మీద కేసుల్ని హైకోర్టు అనుమతి లేకుండా ఉపసంహరించకూడదని ఆదేశించింది. అంతకు కొద్ది రోజుల ముందే, కేరళ అసెంబ్లీలో 2015 బడ్జెట్ రోజు బల్లలు, మైకులు విరగ్గొట్టిన ఎమ్మెల్యేల కేసు ఎత్తేయడానికి ఒప్పుకోలేదు. కొత్త చట్టం, అంటే పైన చెప్పిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 360వ సెక్షన్, బాధితుడి మాట వినకుండా ఉపసంహరణకి ఒప్పుకోకూడదంటోంది. మీ కేసు ఆ చట్టం రాకముందుదైతే పాత చట్టం (సీఆర్‌పీసీ) 321వ సెక్షనే వర్తిస్తుంది, అందులో బాధితుడి ప్రస్తావన లేదని అవతలివాళ్లు వాదిస్తారు. దానికి మీ వకీలు దగ్గర ఉండాల్సింది, యూపీలో రైతులు కారు కింద పడి చనిపోయిన లఖింపూర్ ఖేరీ కేసు తీర్పు, జగ్‌జీత్ సింగ్, 2022 ఏప్రిల్. నిందితుడు కేంద్రమంత్రి కొడుకు. దర్యాప్తు మొదలు ప్రతి దశలోనూ తన మాట వినిపించుకునే హక్కు బాధితుడికి ఉందని అందులో రాశారు.

చేయాల్సిన పని ఇది. ఈ-కోర్ట్స్ యాప్‌లో కేసు నంబరు కొట్టి తర్వాతి వాయిదా ఎప్పుడో చూడండి. ఎమ్మెల్యే కేసు కాబట్టి మీ జిల్లా కోర్టు నుంచి ప్రజాప్రతినిధుల ప్రత్యేక కోర్టుకి మారిందేమో కూడా అక్కడే తెలుస్తుంది. వాయిదాకి ముందే వకీలుతో ‘ఉపసంహరణ పిటిషన్ వస్తే మా వాదన విన్నాకే ఉత్తర్వు ఇవ్వాలి’ అని మెమో వేయించండి, నంబరు పడిన కాపీ తీసుకోండి. హైకోర్టు అనుమతి తీసుకున్నారా అని ప్రాసిక్యూటర్‌ని మీ వకీలు కోర్టులోనే అడగాలి, వరండాలో కాదు. కొట్టు కాలినప్పటి పంచనామా, ఫైర్ రిపోర్టు, జీఎస్టీ గానీ పాత వ్యాట్ గానీ కాగితాలు ఏమున్నా వెంట తీసుకెళ్లండి. వకీలు ఫీజు భారమైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టండి. మహిళలు, ఎస్సీ, ఎస్టీలు వంటి కొన్ని వర్గాలకి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీల్ని ఇస్తారు, మిగతావాళ్లకి ఆదాయ పరిమితి ఉంటుంది. కొట్టు మీ ఇంటావిడ పేరు మీద ఉంటే ఆవిడ చేతే దరఖాస్తు పెట్టించండి.